బస్తీకి వచ్చిన డబ్బు, బస్తీలో నిలిచిన డబ్బు

(మునిసిపల్ వార్డు సభ్యులు, మహిళా సమాఖ్యల ప్రతినిధుల శిక్షణ తరగతిలో, మునిసిపాలిటీలో కమ్యూనిటీ ఆర్గనైజరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒకరు ఇచ్చిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వార్డుల నుంచి వచ్చిన ప్రజాప్రతినిధులకు, సమాఖ్యల అక్కచెల్లెళ్ళకు, ఇంజనీరింగ్ విభాగం మిత్రులకు నమస్కారం.

పట్టణాలలోని పేదల వాడలకు ప్రభుత్వం ఇచ్చే నిధుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం ఎత్తుకున్నవారు సాధారణంగా నిధులు చాలడం లేదన్న మాటతో మొదలుపెడతారు. చాలడం లేదన్నది నిజమే, అందులో వాదన లేదు. అయితే పట్టణ సమాజాభివృద్ధి విభాగంలో, మనం యూసీడీ అనేదానిలో, నేను గడిపిన ఏళ్ళలో, డబ్బు రాక అలాగే ఉండిపోయిన వాడలతో పాటు, డబ్బు వచ్చి కూడా బాగుపడని వాడలను చాలా చూశాను. అక్కడ ఏం కావాలో అక్కడివారిని అడగకుండానే పని నిర్ణయమైపోయేది, పని పూర్తయి బిల్లు చెల్లించాక దాని ఆలనా పాలనా చూసే దిక్కు ఉండేది కాదు. అందువల్ల ఎంత డబ్బు వచ్చిందన్న లెక్కతో పాటు, దాన్ని దేనికి వాడాలో ఎవరు తేల్చారు, కాళ్ళ కింది నేల ఎవరిది, కట్టినదాన్ని ఎవరు కాపాడుతున్నారు అన్న మూడు సంగతులను ఈ పూట మీ ముందు ఉంచుతాను.

మన దగ్గర ఈ సమస్య ఎంత పెద్దదో ముందు గుర్తు చేసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మురికివాడలలో నివసించేవారు దాదాపు 6 కోట్ల 55 లక్షల మంది. అందులో కోటి మందికి పైగా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వారు. సంఖ్యలో మహారాష్ట్ర తరువాతి స్థానం మనదే. పది లక్షలు దాటిన నగరాలలో మురికివాడల కుటుంబాల నిష్పత్తి అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ముంబైలో అనుకుంటారు చాలామంది. కాదు, విశాఖపట్నంలో. అక్కడ నూటికి 44 కుటుంబాలు ఆ లెక్కలోకి వచ్చాయి. విజయవాడలో నూటికి 40 దాటాయి.

ఈ అంకెల వెనుక ఒక మెలిక ఉంది. ఆ జనాభా లెక్కలలో మురికివాడలను మూడు రకాలుగా చూపారు: చట్టప్రకారం ప్రకటించినవి, ప్రకటించకపోయినా ప్రభుత్వం గుర్తించినవి, ఈ రెండూ కాకుండా గణకులే వెళ్ళి కనీసం 60–70 ఇళ్ళు కిక్కిరిసి ఉన్నాయని రాసుకున్నవి. మొత్తం మురికివాడల జనాభాలో మూడో వంతుకు పైగా ఈ చివరి రకం వాడలలోనే ఉన్నారు. నిధులు మాత్రం ప్రధానంగా జాబితాలో పేరున్న వాడకే వెళతాయి. రైలు పట్టాల పక్కన, నాలా గట్టు మీద, చెరువు శిఖంలో, కొండవాలులో గుడిసె వేసుకున్నవారి పేరు ఆ జాబితాకు ఎక్కడానికి ఒక్కోసారి ఒక తరం పట్టింది. మీ వార్డులో పని మొదలుపెట్టేటప్పుడు జాబితాలోని వాడల పేర్లు చదవడం కంటే ముందు, జాబితాలో లేని వాడలు ఎన్ని ఉన్నాయో కాలినడకన తిరిగి చూడమని నా మనవి.

ఇక డబ్బు వచ్చిన తీరు. 1956లో పార్లమెంటు చేసిన చట్టం పేరులోనే మురికివాడల మెరుగుదల, తొలగింపు రెండూ ఉన్నాయి. ఆ రోజులలో ప్రభుత్వాల మనసు ఎక్కువగా తొలగింపు మీదనే ఉండేది. 1972లో కేంద్రం పట్టణ మురికివాడల పర్యావరణ మెరుగుదల పథకం తెచ్చింది. నీళ్ళు, మురుగు కాలువ, వాననీటి కాలువ, మరుగుదొడ్లు, స్నానాల గదులు, సందులకు రాతి పరుపు, వీధి దీపాలు, ఇవీ దాని కింద చేయదగిన పనులు. మొదట్లో తలకు 120 రూపాయల పరిమితి పెట్టారు. పదేళ్ళ వరకు తొలగించే ఆలోచన లేని వాడలలోనే ఈ డబ్బు ఖర్చు చేయాలన్న షరతు కూడా పెట్టారు. ఆ షరతు పెట్టినవారి ఉద్దేశం ప్రభుత్వ సొమ్ము వృథా కాకూడదనే కావచ్చు. వాడలోని మనిషి దాన్ని మరోలా అర్థం చేసుకున్నాడు. ప్రభుత్వం దీపస్తంభం పాతిందంటే ఇక మనల్ని ఇక్కడి నుంచి లేపరు అని ధైర్యం తెచ్చుకున్నాడు. అందుకే పాత బస్తీలలో మొదటి వీధి దీపం వెలిగిన రోజును పెద్దవాళ్ళు పండుగలాగా గుర్తు పెట్టుకుని చెబుతారు.

హైదరాబాదులో 1967లో మొదలైన పట్టణ సమాజాభివృద్ధి కార్యక్రమం, అంటే మన యూసీడీ, గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పట్టణాలలో జరిగిన మంచి పనులలో చాలావాటికి మూలం అక్కడ ఉంది. దానికి ఇచ్చిన బడ్జెట్ చాలా చిన్నది. ఆ కార్యక్రమంలో పనిచేసినవారు బస్తీకి వెళ్ళి ముందు ఏదీ ఇవ్వలేదు, కూర్చుని అడిగారు. ఒకచోట బాలవాడి కావాలన్నారు, మరోచోట కుట్టు మిషన్లు కావాలన్నారు, ఇంకోచోట యువజన సంఘానికి గది కావాలన్నారు. బస్తీవారు కొంత వేసుకుంటే మిగతాది కార్యక్రమం వేసేది. ఈ చిన్న పనుల వల్ల బస్తీ కమిటీలు నిలదొక్కుకున్నాయి, ఆ తరువాత స్థల పట్టాలు వచ్చాయి, పట్టా చేతికి వచ్చాక, గృహనిర్మాణానికి అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థ హడ్కో వంటి వాటి నుంచి ఇంటి రుణాలు వచ్చాయి. ఇల్లు ఎలా ఉండాలో కుటుంబమే నిర్ణయించుకుంది. వాకిలి ఎటు, వంట ఎక్కడ, ఇంటి ముందు మేకను ఎక్కడ కట్టేయాలి, కుట్టు మిషనుకు వెలుతురు ఎటు నుంచి రావాలి, ఇవన్నీ ఆ ఇంటివారికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు. చేతిలో పట్టా ఉన్న కుటుంబం రుణం తీరాక మరో గది వేసుకుంది, కొడుకు పెళ్ళికి పైన అంతస్తు లేపింది. ప్రభుత్వం పెట్టిన రూపాయికి కుటుంబం తన చెమటను కలిపింది. ఆ అదనపు సొమ్ము ఏ వార్షిక నివేదికలోనూ కనబడదు.

బ్రిటన్ ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ ఆ దశలోనే హైదరాబాదుకు, 1988 నుంచి విశాఖపట్నానికి, తరువాత విజయవాడకు మురికివాడల మెరుగుదలకు నిధులు ఇచ్చింది. సందుల రోడ్లు, కాలువలు, సామాజిక భవనాలు వచ్చాయి. వాటిలో కొన్ని భవనాలలో ఈనాటికీ అంగన్‌వాడీలు నడుస్తున్నాయి, కొన్నింటికి తాళాలు పడ్డాయి. నేను చూసినంతలో తేడా ఎక్కడ వచ్చిందంటే, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కట్టడానికి ముందే బస్తీ సంఘం మాట్లాడుకున్న భవనాలు బతికాయి.

1992లో రాజ్యాంగ 74వ సవరణ జరిగింది, మరుసటి ఏడాది జూన్‌లో అమలులోకి వచ్చింది. దాని వల్ల చేరిన 12వ షెడ్యూలులో మురికివాడల మెరుగుదల, పట్టణ పేదరిక నిర్మూలన రెండూ పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులుగా ఉన్నాయి. ఇక్కడున్న వార్డు సభ్యులు ఈ విషయాన్ని బాగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే బాధ్యత రాసినంత స్పష్టంగా డబ్బు సంగతి రాయలేదు. ఆ తరువాత వచ్చిన పథకాలన్నీ ఢిల్లీ నుంచో రాజధాని నుంచో పేరు పెట్టుకుని దిగినవే. 1996లో జాతీయ మురికివాడల అభివృద్ధి కార్యక్రమం వచ్చింది. 2001 డిసెంబరులో ప్రధాని వాజపేయి హైదరాబాదులో వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజనను ప్రారంభించారు. విజయవాడలో దాని పేరుతోనే వాంబే కాలనీ వెలిసింది. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు వాంబే అంటే ఏ మాటలకు పొట్టిపేరో తెలియదు, అది వారి ఊరి పేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు ఆ కాలనీవారూ నీళ్ళలోనే ఉన్నారు. పల్లపు నేల చవకగా దొరుకుతుంది కనుక పేదల ఇళ్ళు పల్లంలో కడతాం; ఆ చవకదనం ధర ఇరవై ఏళ్ళ తరువాత వాళ్ళు చెల్లిస్తారు. ఈ మాట నేను కోపంతోనే అంటున్నాను.

2000 నుంచి 2008 వరకు ఉమ్మడి రాష్ట్రంలో పట్టణ పేదలకు సేవల పథకం ఒకటి నడిచింది. దానికి కూడా బ్రిటన్ సహాయమే. లక్ష జనాభా దాటిన 42 పట్టణాలలో అమలైంది. దాని నిధుల కంటే దాని పద్ధతి నాకు ముఖ్యం. పట్టణంలోని ప్రతి వాడకూ రెండు కొలతలు వేశారు. ఒకటి ఆ వాడలో పేదరికం ఎంత, రెండోది అక్కడ నీళ్ళు, కాలువలు, రోడ్లు, దీపాల వంటి వసతుల కొరత ఎంత. ఒక్కొక్కటి ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు మెట్లు. అడ్డం మూడు, నిలువు మూడు, మొత్తం తొమ్మిది గడుల పట్టిక. పేదరికమూ ఎక్కువే, కొరతా ఎక్కువే అన్న గడిలో పడిన వాడలకు మొదటి వంతు. ఆ పట్టికను మునిసిపాలిటీ గోడ మీద అతికించినప్పుడు ఏమైందో చెబుతాను. అప్పటి వరకు పనులన్నీ మెయిన్ రోడ్డుకు ఆనుకుని ఉన్న, ఓట్లు ఎక్కువ ఉన్న నాలుగైదు వాడలకే వెళ్ళేవి. పట్టికలో వాటి పేర్లు చివరి గడులలో ఉన్నాయి. మొదటి గడిలో ఉన్న వాడల పేర్లు కౌన్సిల్ హాలులో కొందరు మొదటిసారి విన్నారు. పెద్ద వాదనే జరిగింది. తప్పులున్నాయని కొందరు లేచారు, ఒకటి రెండు చోట్ల నిజంగానే తప్పులు ఉన్నాయి, వాటిని దిద్దుకున్నాం. కానీ ఆ రోజు నుంచి వాదన చేయాలంటే పట్టిక చూపించి చేయాల్సి వచ్చింది. ఒక వాడకు రోడ్డు ఎందుకు వచ్చిందో, పక్క వాడకు ఎందుకు రాలేదో ఎవరైనా అడిగితే చెప్పగలిగే స్థితి ఏర్పడింది. ఆ పథకం ముగిశాక పట్టికను ఏటా కొత్త లెక్కలతో రాయడం చాలా పట్టణాలలో ఆగిపోయింది. అది ఆపడానికి కారణమేమీ లేదు, అది రాయడానికి విదేశీ సహాయం అక్కరలేదు కూడా.

2005 డిసెంబరు 3న జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ మిషన్ ప్రారంభమైంది. పేదలకు కనీస సేవలు అన్నది అందులో ఒక భాగం. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలకు ఆ భాగంలో సగం డబ్బు కేంద్రానిది. మిగతా సగం రాష్ట్రం, నగరపాలక సంస్థ, లబ్ధిదారు కలిసి వేయాలి. ఆ మిషన్ పేదలకు మాట ఇచ్చిన ఏడు అంశాలలో మొదటిది నివాస స్థలంపై భద్రత. తరువాతనే ఇల్లు, నీళ్ళు, పారిశుద్ధ్యం, చదువు, ఆరోగ్యం, సామాజిక భద్రత. కాగితం మీద ఆ వరుస చాలా సరైనది. ఆచరణలో మొదటి అంశాన్ని దాటేసి రెండో అంశానికి పరుగెత్తాం, ఎందుకంటే పట్టా ఇవ్వడానికి రెవెన్యూ శాఖతో, దేవాదాయ శాఖతో, రైల్వేతో, ఒక్కోసారి కోర్టుతో తేల్చుకోవాలి; ఊరి చివర ఖాళీ స్థలంలో నాలుగంతస్తుల బ్లాకులు కట్టడానికి ఒక టెండరు చాలు. ఖర్చు చూపితేనే తరువాతి వాయిదా వస్తుంది. మార్చి 31 లోపు వినియోగ ధ్రువపత్రం వెళ్ళాలి. ఆ తేదీకి పూర్తయ్యే పని ఏదో అదే పని అవుతుంది. ఇంజనీరింగ్ మిత్రులు తల ఊపుతున్నారు, వారికి ఇది నాకంటే బాగా తెలుసు.

ఇల్లు ఉన్నచోట కట్టడానికీ, దూరంగా కట్టి తరలించడానికీ మధ్య తేడా తెలుసుకోవాలంటే తెలంగాణలోని రెండు చోట్లు చూడండి. సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట దగ్గర ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్ళు తీసేసి, అదే స్థలంలో 396 రెండు పడక గదుల ఇళ్ళు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. కుటుంబాలకు ఇరుగుపొరుగు మారలేదు, బడి మారలేదు, పనికి వెళ్ళే దారి మారలేదు. 2023 జూన్‌లో నగరం అంచున, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర కొల్లూరులో 117 బ్లాకులలో 15,660 ఇళ్ళను ప్రారంభించారు. ఇళ్ళు బాగున్నాయి, ఆ మాట చెప్పాలి. గుడిసెలో వానకు తడిసిన మనిషికి ఆ పైకప్పు విలువ ఎంతో నేను తక్కువ చేయను. కానీ నగరం నడిబొడ్డున నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే తల్లి, తెల్లవారుజామున ఆరింటికి ఎవరి వాకిట ఉండాలో ఆలోచించండి. రెండు బస్సులు మారి వెళ్ళేసరికి ఒక ఇంటి పని పోతుంది. చంటిపిల్లను చూసే పొరుగింటి పెద్దమ్మ మరో బ్లాకులోనో మరో కాలనీలోనో ఉంటుంది. లిఫ్టు చెడితే బాగుచేయించడానికి నెలనెలా ఎంత వేసుకోవాలి, మోటారు కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అన్న ప్రశ్నలు ఆ ఇంటి అంచనాలలో ఎక్కడా ఉండవు. ఇంటికి లక్షలు పెట్టిన ప్రభుత్వం, దాని నిర్వహణకు మొదటి అయిదేళ్ళు ఎంత పక్కన పెట్టిందో మీరు అడగాలి.

2015 జూన్ 25న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో నాలుగు మార్గాలు ఉండేవి. సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం లక్షన్నర, మురికివాడను ఉన్నచోటనే తిరిగి కట్టే మార్గంలో ఇంటికి లక్ష. మొదటి మార్గంలో ఇళ్ళు విరివిగా మంజూరయ్యాయి, ఆంధ్రప్రదేశ్ ఆ విషయంలో దేశంలో ముందువరుసలో ఉంది. ఉన్నచోట తిరిగి కట్టే మార్గం అన్నిటికంటే వెనుకబడింది. 2024 సెప్టెంబరు నుంచి వచ్చిన రెండో విడతలో ఆ మార్గం విడిగా లేనే లేదు. సొంత స్థలం ఉన్నవారికి సహాయం అన్న మాట వినడానికి బాగుంటుంది. స్థలం పత్రం లేని కుటుంబం ఆ దరఖాస్తు మొదటి గడి దగ్గరే ఆగిపోతుంది. పేదలలోకెల్లా పేదవాడికి పత్రం ఉండదు కదా. తెలంగాణలో 2014 డిసెంబరు నాటి 58వ నంబరు జీవో కింద ప్రభుత్వ స్థలంలో ఉంటున్న పేదలకు 125 చదరపు గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించారు. అలాంటి నిర్ణయానికి ఖజానా నుంచి పెద్ద ఖర్చేమీ కాదు, కానీ దాని తరువాత వచ్చే ప్రతి పథకానికీ ఆ కుటుంబం అర్హత పొందుతుంది. నన్నడిగితే పట్టణ పేదల కోసం ఖర్చు చేయదగిన మొదటి రూపాయి సర్వేయరు జీతానికి ఖర్చు చేయాలి.

ఇప్పుడు మునిసిపాలిటీ చేతిలో ఉన్న డబ్బు. కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి దేశంలోని పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయల గ్రాంట్లు సిఫారసు చేసింది. పది లక్షల లోపు పట్టణాలకు ఇచ్చే దానిలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని చెప్పింది. ఆడిట్ అయిన లెక్కలు అందరూ చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టాలన్నది ఒక షరతు. ఈ షరతును చాలామంది తలనొప్పిగా చూస్తారు, సమాఖ్య మహిళలు మాత్రం దీన్ని తమ హక్కుగా చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపాలిటీల నికర నిధులలో 40 శాతాన్ని పేదల వాడలకు కేటాయించాలన్న ఉత్తర్వులు ఉండేవి. ఆ వాక్యంలో బరువంతా నికర అన్న మాట మీద ఉంది. జీతాలు, కరెంటు బిల్లులు, పాత అప్పులు అన్నీ తీసేశాక మిగిలినదే నికరం. పన్ను వసూలు తగ్గిన ఏడాది ఆ మిగులు కూడా ఉండదు. అందుచేత పేదల వాడల నిధుల గురించి మాట్లాడేటప్పుడు, ఊరిలోని పెద్ద భవనాల ఆస్తిపన్ను బకాయిల జాబితా కూడా అదే సమావేశంలో బల్ల మీద ఉండాలి.

చివరిగా నేను పనిచేసిన ఒక చిన్న పట్టణంలో జరిగినది చెబుతాను. అక్కడ ఒక వాడలో పదిహేనేళ్ళలో మూడుసార్లు సిమెంటు రోడ్డు వేశారు. మూడు పథకాలు, మూడు శిలాఫలకాలు. ప్రతిసారీ పాత రోడ్డు మీదనే కొత్త రోడ్డు పోశారు, ఎందుకంటే పాతది తవ్వడానికి అంచనాలో డబ్బు ఉండదు. మూడో రోడ్డు పూర్తయ్యేసరికి వీధి అడుగున్నర పైకి లేచింది, ఇళ్ళ గడపలు కిందికి పోయాయి. వానొస్తే రోడ్డు మీది నీళ్ళు కాలువలోకి కాక ఇళ్ళలోకి వచ్చేవి. ఖర్చు లెక్కలో అది మూడుసార్లు అభివృద్ధి చెందిన వీధి. నాలుగోసారి నిధులు మంజూరైనప్పుడు ఆ వాడ సమాఖ్యలోని అయిదుగురు మహిళలు, అందులో ఒకరు తాపీ మేస్త్రీతో కూలికి వెళ్ళే ఆవిడ, మేస్త్రీల నీటి గొట్టం ఒకటి తెచ్చుకుని వీధి ఈ కొస నుంచి ఆ కొస వరకు మట్టం చూశారు. ఎన్ని గడపలు రోడ్డుకంటే కింద ఉన్నాయో సుద్దముక్కతో గోడల మీద గీతలు గీశారు. ఆ గీతలు చూపించి, పాత రోడ్డు తవ్వకుండా కొత్తది పోస్తే తాము ఒప్పుకునేది లేదని ఇంజనీరు గారితో చెప్పారు. ఆయన మంచి మనిషి, మొదట విసుక్కున్నా వచ్చి చూశారు, అంచనా తిరగరాశారు. రోడ్డు పొడవు దాదాపు సగానికి తగ్గింది, దాని మీద వార్డులో కొంత గొడవ కూడా అయింది. తవ్విన మేరకు మాత్రం మట్టం సరిచేసి, కాలువకు వాలు ఇచ్చి పని చేశారు.

ఆ ఏడాది ఆగస్టు వానకు నేను ఆ వీధికి వెళ్ళాను. రోడ్డు తవ్వి వేసిన సగంలో ఎవరూ గడపకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టుకోలేదు. మిగతా సగంలో పెట్టుకున్నారు, ఆ సగానికి డబ్బు ఎప్పుడు వస్తుందని నన్ను అడిగారు.